చివరి టేకు

పదకొండో వారం

పోయినవారం మనం పళ్ళ డాక్టర్ని లిఫ్టులో వదిలేసి వచ్చాం. చంకలో టేపు డబ్బా, చేతిలో సూట్‌కేసంత బరువున్న పాత స్పూల్ మిషను, మొహాన చెమట. కింద కారులో భార్య. "నువ్వు పైకి రావద్దు. ఇది మా ఇంటి గొడవ" అని అతనే ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక కూడా 'మా ఇల్లు' అంటే అందులో ఆమె లేనట్టు మాట్లాడానని అతనికి తట్టనేలేదు.

కొత్తగా మనతో చేరినవాళ్ళకు రెండు ముక్కలు. డాక్టరు ఊళ్ళో సగంమంది నోళ్ళలోకి తొంగిచూసిన మనిషి. క్లినిక్ తలుపు వేశాక అతనికి వేరే లోకం ఉంది. రికార్డులు. అందరూ వినే రికార్డులు కావు. నలుగురు దగ్గర దగ్గరగా కూర్చుని రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో వాయించే క్వార్టెట్లు. అందులోనూ ఈ వందేళ్ళలో రాసినవి మాత్రమే. ఇంటికొచ్చిన చుట్టాలకు వినిపిస్తే, "బాగానే ఉంది గానీ, వాయించడం ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగే రకం. ఒకే రచనను పదిహేను బృందాలు వాయిస్తే పదిహేను రికార్డులూ అతని దగ్గర ఉండాల్సిందే. ఒకదాని తరవాత ఒకటి పెట్టుకుని, ఫలానా చోట ఎవరు ఊపిరి బిగపట్టారు, ఎవరు తొందరపడ్డారు, ఎవరికి భయం వేసింది అని పోల్చుకోవడం అతని పిచ్చి.

ఆ పిచ్చికి మూలం ఒక్క రికార్డు. అక్క రికార్డు.

అక్క చెల్లో వాయించేది. బావ మొదటి వయొలిన్, బృందానికి పెద్ద. రెండో వయొలిన్ వాయించినాయన ఎప్పుడో పోయాడు. వయోలా వాయించిన అమ్మాయి తరవాత డాక్టరు భార్య అయింది. "చివరిసారి నా బిడ్డ పక్కన కూర్చున్న పిల్ల" అని అమ్మే ఏరికోరి ఆమెను కోడలిగా తెచ్చుకుంది. ఆ నలుగురూ కలిసి చేసింది ఒకే ఒక్క రికార్డు. యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న ఒక స్వరకర్త రాసిన క్వార్టెట్. దాని చివరి భాగం ముగించి బయటికి వస్తూ అక్క స్టూడియో మెట్ల మీద పడిపోయింది. తెల్లారేసరికి ఆస్పత్రిలో పోయింది. పడితే తలకి దెబ్బ తగిలింది, దెబ్బ వల్ల పోయింది. నలభై ఏళ్ళుగా ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఇదే. దానికి అమ్మ చేర్చిన ముక్క ఒక్కటి: "వాడే చంపాడు. తిండీ నీళ్ళూ లేకుండా పొద్దస్తమానం వాయించి వాయించి నా బిడ్డ కళ్ళు తిరిగి పడింది." ఆ రోజు నుంచి అల్లుడు ఆ గడప తొక్కలేదు.

ఈమధ్య ఆ రికార్డు తీసిన సౌండు ఇంజినీరు చనిపోతే, ఆయన కూతురు అటక మీద దొరికిన టేపు డబ్బాను డాక్టరుకు ఇచ్చింది. కత్తిరింపులు లేని అసలు టేపు. అందులో చివరి టేకుకు ముందు, రికార్డులోకి ఎక్కని రెండు మాటలు ఉన్నాయి. మొదటిది అక్క గొంతు. "ఎడం చెయ్యి మొద్దుబారిపోతోంది. ఆపేద్దాం." దాని వెనకే ఎవరిదో గుసగుస. "ఇంకొక్కసారి. చివరిదాకా."

గుసగుసకు గొంతు ఉండదు. ఆడమనిషో మగమనిషో కూడా చెప్పలేం. అయినా డాక్టరుకు అనుమానం రాలేదు. ఆ గదిలో ఎవరి మాట చెల్లేదో అతనికి తెలుసు. టేపు సంగతి చెప్పగానే అమ్మ ఒక్కటే అంది. "వెళ్ళు. వెళ్ళి వాడి నోటితోనే ఒప్పించుకు రా."

లిఫ్టు ఆరో అంతస్తులో ఆగింది.

*

తలుపు బావే తీశాడు. గొళ్ళెం తీయడానికి ఆయన పడుతున్న అవస్థ తలుపు ఇవతలికి వినబడుతూనే ఉంది. మనిషి ఎత్తు తగ్గలేదు గానీ లోపల్నుంచి ఎవరో తోడేసినట్టున్నాడు. చేతివేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, పక్కకి వంగిపోయాయి. ఒకప్పుడు ఆ వేళ్ళను చూడటానికే జనం ముందు వరస టిక్కెట్లు కొనేవాళ్ళు.

"ఏం బామ్మర్దీ, పళ్ళు పీకడానికి ఇళ్ళకే వస్తున్నావా ఇప్పుడు?"

"మీకు వినిపించాల్సింది ఒకటుంది బావా."

"నువ్విక్కడికి వచ్చినట్టు మీ అమ్మకి తెలుసా?"

"ఆవిడే వెళ్ళమంది."

బావ ఆ మాటను కాసేపు నమిలి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

ఒక గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. మ్యూజిక్ స్టాండు మీద తడి తువ్వాలు ఆరేసి ఉంది. మందుల సీసాలు కిటికీ గట్టు మీద వరసగా ఉన్నాయి. ఎవరింటికి వెళ్ళినా ముందు రికార్డులు ఎక్కడున్నాయో వెతికే జబ్బు డాక్టరుది. అతని కళ్ళు అలవాటుగా అల్మరా మీదికీ మంచం కిందికీ వెళ్ళివచ్చాయి. ఒక్కటీ కనిపించలేదు.

"వెతక్కు, లేవు. అన్నీ ఇచ్చేశాను" అన్నాడు బావ. "మా అందరి వంతూ నువ్వే వింటున్నావు కదా."

డాక్టరు జీవితంలో మొట్టమొదటి రికార్డు చేతికిచ్చింది ఈ మనిషే. అక్క పెళ్ళయిన కొత్తలో, కాలేజీ సెలవుల్లో, చల్లటి నేల మీద పక్కపక్కన వెల్లకిలా పడుకుని విన్నారు. "నాలుగూ ఒకేసారి వినకురా. ముందు చెల్లో ఒక్కదాన్నే పట్టుకుని దాని వెంట నడువు. మిగతావి వాటంతటవే వచ్చి కలుస్తాయి" అని చెవిలో చెప్పాడు. అతను ఈ రోజు వరకూ అలాగే వింటున్నాడు. వినడం నేర్పినవాణ్ణే నిలదీయడానికి వచ్చానన్న ఆలోచన తగిలింది. దాన్ని అణిచేసి, భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి మిషను పెట్టాడు. ప్లగ్గు వెతికి పెట్టాడు. స్పూలు ఎక్కించి టేపును దాని సందులోంచి లాగి చుట్టాడు. బావ కూర్చోలేదు. గోడకి చేరబడి, పరీక్ష ఫలితాలు చదివి వినిపిస్తుంటే నిలబడ్డ పిల్లాడిలా చూస్తున్నాడు.

మొదట రొద. కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎవరో దగ్గారు. ఎవరో కాగితం తిప్పారు.

"ఎడం చెయ్యి మొద్దుబారిపోతోంది. ఆపేద్దాం."

బావ మొహంలో ఏదీ కదల్లేదు. వంకరపోయిన చెయ్యి ఒకటి మాత్రం గోడను తడుముకుంది.

"ఇంకొక్కసారి. చివరిదాకా."

తరవాత ఎవరో గట్టిగా గాలి పీల్చారు. క్వార్టెట్ చివరి భాగం మొదలైంది.

ఆ భాగంలో పెద్దగా జరిగేదేమీ ఉండదు. మూడు వాయిద్యాలు ఒకే సన్నటి స్వరాన్ని వదలకుండా పట్టుకుని ఉంటాయి. వాటి కింద చెల్లో ఒంటరిగా మెట్లు దిగుతున్నట్టు ఒక వరస వాయిస్తుంది. మళ్ళీ పైకెక్కి అదే వరస. మూడోసారీ అదే. అంతే, అయిపోతుంది. డాక్టరు దగ్గరున్న ఏ రికార్డులో విన్నా చెల్లో మూడుసార్లూ తిన్నగానే దిగుతుంది. స్వరకర్త రాసిందీ అలాగే. ఒక్క అక్క రికార్డులోనే మూడోసారి, సరిగ్గా ఆఖరి మెట్టు మీద, స్వరం కిందికి జారిపోతుంది. కమాను ఆగదు. వేలు జారుతుంది. ఎవరో చీకట్లో మెట్టుంది అనుకుని కాలు పెడితే లేనట్టు.

లోకం ఆ జారుడును పట్టుకునే ఈ రికార్డును నెత్తిన పెట్టుకుంది. దాని కోసమే ఎక్కడెక్కడి వాళ్ళో డాక్టరు ఇంటికి వచ్చి, చెప్పులు విప్పి, చెవులప్పగించి విని వెళ్ళారు.

మిషను మీద ఆ చోటు వచ్చింది, దాటిపోయింది. టేపు చివర స్పూలులోంచి ఊడి టప టప కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరూ ఆపలేదు.

"ఆపమంది బావా" అన్నాడు డాక్టరు. తన గొంతు ఇంత మామూలుగా ఎలా ఉందో అతనికి అర్థం కాలేదు. "చెయ్యి మొద్దుబారుతోందని చెప్పింది. మీరు ఆపలేదు. పైగా దాన్నే రికార్డులో వేశారు."

"ఏది వెయ్యమంటావు మరి? అంతకుముందు తీసినవన్నీ చెత్త. నలుగురం సరిగ్గా వాయించింది ఆ ఒక్కసారే. అది కూడా పారేస్తే మీ అక్క ఈ భూమ్మీద ఏం వదిలి వెళ్ళినట్టు? ఒక బట్టల పెట్టె, ఒక చెల్లో."

"ప్రాణం పోతుంటే తీసిన టేకు అది."

"అవును" అన్నాడు బావ. "నువ్వు దాని మీద వ్యాసం కూడా రాశావు."

డాక్టరు కళ్ళెత్తాడు.

"రికార్డు మళ్ళీ వేసినప్పుడు అట్ట వెనక. 'ఇక్కడ చెల్లో తోవ మరిచిన మనిషిలా ఒక్క క్షణం నిలబడి కిందికి చూస్తుంది. మరే బృందానికీ తట్టని ఆలోచన ఇది.' బాగా రాశావు. నాకు కంఠతా వచ్చు. ఆలోచన కాదురా అది. తలలో నరం చిట్లడం. ఆస్పత్రిలో నాకు చెప్పారు, పడితే పగల్లేదు, పగిలాకే పడిందని. ఎడం చెయ్యి అన్నాక, స్వరం జారాక, డాక్టరువి కదా, ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా నీకు అనుమానం రాలేదా?"

"నేను పళ్ళ డాక్టర్ని" అన్నాడతను. ఆ జవాబు బయటికి వచ్చాక తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ ఒక్క స్వరాన్ని ఎన్ని సాయంత్రాలు మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాడో. సూది ఎత్తి, వెనక్కి పెట్టి, కళ్ళు మూసుకుని, ఒళ్ళు జలదరిస్తుంటే అదే సుఖమనుకుని. బంధువులకు చెయ్యెత్తి సైగ చేసి, "ఇదిగో, ఇప్పుడొస్తుంది, వినండి" అని ఊరించేవాడు. వచ్చింది అక్క చావు. అతను తలాడించి మెచ్చుకున్నాడు.

"అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయాను. శవం పక్కనే నా చొక్కా పట్టుకుంది. ఆ తరవాత చెప్పడానికి నాకు మాత్రం ఏం మిగిలింది గనక? పోనీలే, ఎవరినో ఒకరిని తిట్టుకుంటే ఆవిడకి ఊపిరాడుతుంది అనుకున్నాను. ఆడినట్టే ఉంది, గట్టిగానే ఉందిగా ఇంకా."

"నవ్వులాటకి రాలేదు బావా నేను. ఆ గుసగుస ఎవరిది?"

బావ గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి, కొట్టుకుంటున్న స్పూలును అరచేత్తో అదిమి ఆపాడు. ఒక్కసారిగా గది ఖాళీ అయినట్టనిపించింది.

"నాది."

"మళ్ళీ చెప్పండి."

"నాదే. ఇంకొక్కసారి అన్నాను, చివరిదాకా అన్నాను. చాలా? నీకు కావలసింది ఇదేగా. వెళ్ళి మీ అమ్మకి చెప్పు, వాడు ఒప్పుకున్నాడని."

డాక్టరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో, పట్టుకుని ఏం చేద్దామనుకున్నాడో తెలీదు. చేతికి ఎముకలు తప్ప ఇంకేం తగల్లేదు. బావ విడిపించుకోలేదు. కొడితే కొట్టించుకుందామన్నట్టు నిలబడ్డాడు. ఇద్దరు ముసలివాళ్ళు, ఒకరి వగర్పు ఒకరికి వినబడేంత దగ్గరగా.

"ఆయన్ని వదలండి" అంది భార్య.

దగ్గరికి వేసి ఉన్న తలుపు ఎప్పుడు తెరుచుకుందో ఇద్దరూ చూడలేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. బయట వాన మొదలైనట్టుంది, భుజాలు తడిసి ఉన్నాయి.

"నువ్వు కిందికి వెళ్ళమ్మాయ్" అన్నాడు బావ. అప్పటిదాకా లేవని గొంతు లేచింది. "చెప్తున్నానా, వెళ్ళు."

"చాలు మాస్టారూ. ఇంకెన్నాళ్ళు మోస్తారు?" ఆమె భర్త వైపు తిరిగి, కిటికీ అవతల ఎటో చూస్తూ చెప్పింది. "ఆ గుసగుస ఈయనది కాదండీ. నాది."

డాక్టరు చెయ్యి దానంతటదే సడలిపోయింది. పక్కనున్న కుర్చీ ఎవరిదో కూడా చూసుకోకుండా కూర్చున్నాడు. తను ఇల్లంతా రికార్డులతో నింపి, ఆ రికార్డుల్లో ఎవరెవరి ఊపిరో గుర్తుపట్టిన మనిషి. ఒకే కప్పు కింద, ఒకే పక్క మీద, ఇన్నేళ్ళు చెవిలో వింటూ వచ్చిన గుసగుసను గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుపట్టలేకపోయాడో, పట్టదలుచుకోలేదో.

"అది ఇరవయ్యేళ్ళ పిల్ల అప్పుడు" అన్నాడు బావ. "దానికేం తెలుసు? ఎవరన్నా ఒకటే. బృందానికి పెద్దని నేను. నేను లేచి నిలబడితే అందరూ లేచేవాళ్ళు. లేవలేదు. వాయిద్యం భుజానికెత్తి తల ఊపాను. కాబట్టి ఆ మాట నాదే. ఇంతకుముందు చెప్పింది అబద్ధమేం కాదు."

తరవాత ఆమె వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళూ అడగలేకపోయాను అమ్మాయ్. నువ్వెప్పుడూ నోరెత్తేదానివి కాదు. గంట సేపు తప్పు వాయించినా ఒక్క మాట అనేదానివి కాదు. ఆ రోజే ఎందుకన్నావు?"

"వదిన ముందే చెప్పి ఉంచింది. ఏమైనా సరే చివరి భాగం పూర్తవ్వాలి, మధ్యలో తనే ఆపమన్నా ఆపనివ్వకు అని."

"ఏమైనా సరే అంటే?"

ఆమె తలతిప్పి ఆయన కళ్ళలోకి తిన్నగా చూసింది. "అంతే అంది మాస్టారూ."

డాక్టరు అది గమనించాడు. నిజం చెప్పేటప్పుడు ఆమె చూపు గోడ మీదో కిటికీ మీదో ఉంటుంది. కళ్ళలోకి అంత తిన్నగా చూసిందంటే ఏదో దాస్తోంది. కాపురంలో అతను నేర్చుకున్న కొద్ది సంగతుల్లో అదొకటి.

బావకు ఆ సంగతి తెలీదు. తల పంకించి, మిషను ముందు కూర్చున్నాడు.

"ఒక్క పని చేసిపెట్టు" అన్నాడు డాక్టరుతో. "మీ అక్క మాట ఉన్న ముక్క మళ్ళీ పెట్టు. వాయించింది వద్దు. మాట."

డాక్టరు టేపు మళ్ళీ చుట్టి వెనక్కి తిప్పాడు. రెండుసార్లు తప్పు చోట ఆగింది. మూడోసారి దొరికింది.

"ఎడం చెయ్యి మొద్దుబారిపోతోంది. ఆపేద్దాం."

గుసగుస మొదలవకముందే డాక్టరు మీట నొక్కి ఆపాడు. బావ తల వంచుకుని ఉన్నాడు. పైకెత్తినప్పుడు కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"గొంతు ఇంత సన్నంగా ఉండేదని మర్చిపోయాను" అన్నాడు. "నా బుర్రలో వేరే ఎవరిదో గొంతు పెట్టుకుని ఇన్నేళ్ళూ మాట్లాడుతున్నానన్నమాట."

*

కారులో కూర్చున్నాక డాక్టరు తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. అద్దం మీద వాన నీళ్ళు కాలవలు కడుతున్నాయి. ఎదురుగా దుకాణంవాడు బయట పెట్టిన ప్లాస్టిక్ బకెట్లు గబగబా లోపలికి లాక్కుంటున్నాడు.

"అంతే అన్లేదు కదా అక్క" అన్నాడు.

"అన్లేదు."

"ఏమంది?"

ఆమె చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పును చూస్తూ మొదలుపెట్టింది.

"టీ కోసం ఆపారు. నడవలో నేనూ వదినా ఉన్నాం. 'వచ్చేవారం నా తల తెరుస్తార్ట' అంది. నవ్వుతూనే అంది. తలలో ఒక నరం ఉబ్బిందిట. వదిలేస్తే ఎప్పుడైనా చిట్లొచ్చు, ఆపరేషను చేస్తే ఎడం చెయ్యి మిగులుతుందో లేదో చెప్పలేం అన్నార్ట. 'చెయ్యి ఉండగానే ఇది ముగించేసి వెళ్తాను. మధ్యలో నాకే భయమేసి ఆపమంటాను చూడు, నువ్వు ఆపనివ్వకు. మీ మాస్టారికి తెలీదు, తెలిస్తే ఇప్పుడే సామాన్లు సర్దించేస్తారు' అంది. నేను మాటిచ్చాను. అంతేనండీ. ఆపమంది, నేను భయమనుకున్నాను. భయం కాదని ఆ స్వరం జారాక తెలిసింది. అప్పటికి అందరం చివరి స్వరం పట్టుకుని ఉన్నాం. నేనూ పట్టుకునే ఉన్నాను. కమాను ఎత్తలేదు."

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. తన చెయ్యి కదల్లేదు.

"పైన ఆయనతో ఎందుకు చెప్పలేదు?"

"ఆ మనిషికి ఇంకేం మిగల్లేదు. తన భార్య తన దగ్గర ఏదీ దాచలేదన్న నమ్మకం ఒక్కటుంది. అది కూడా నేనే లాక్కోనా?"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

దుకాణంవాడు షట్టరు సగానికి దించి లోపలికి వెళ్ళిపోయాడు.

"అంతకు మూడు వారాల ముందు, తల చూపించుకోవడానికి ఆస్పత్రికి వదిన ఒంటరిగా వెళ్ళలేదండీ. ఎవరు తోడొచ్చారని నడవలో నేనే అడిగాను."

"ఎవరు?"

"అత్తయ్య."

అతను నవ్వబోయాడు. ఆ నవ్వు మొహం మీదికి రాకముందే ఎక్కడో ఇంకిపోయింది. అమ్మ. బావ పేరు వినబడితే చెవులు మూసుకునే అమ్మ. ఆ రికార్డు పెట్టినప్పుడల్లా "ఆపరా, వాడి వయొలిన్ నా ఇంట్లో వద్దు" అని గోల పెట్టే అమ్మ. పొద్దున్న తన చొక్కా గుండీ సర్ది, ఒప్పించుకు రమ్మని పంపిన అమ్మ.

"దాదాపు నలభై ఏళ్ళుగా నేనే ఆవిడకి వడ్డిస్తున్నాను" అంది భార్య, కిటికీ అద్దం వైపు తిరిగి. "జ్వరమొస్తే నేనే పక్కన పడుకుంటున్నాను. ఆవిడకి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకి తెలీదు. మాస్టార్ని తిట్టినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. చెప్తే మీరు ఎవర్ని వదులుకునేవాళ్ళు? ఆవిడనా, నన్నా?"

అతను తాళంచెవి తిప్పాడు.

*

అమ్మ తన గదిలో, మంచం పక్క కుర్చీలో, జుట్టు దువ్వించుకుని కూర్చుని ఉంది. ఎవరైనా వస్తారని తెలిసినప్పుడు ఆవిడ అలాగే కూర్చుంటుంది. ఆవిడని చూసుకోవడానికి పెట్టిన పనిమనిషి గ్లాసులో మందు కలుపుతోంది. డాక్టరు కళ్ళతో సైగ చేస్తే గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళింది. భార్య గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఒప్పుకున్నాడా?" అంది అమ్మ.

ఎనభై దాటినా ఆ గొంతులో వణుకు లేదు. అతను వచ్చేటప్పుడు దారిలో ఎన్ని రకాలుగానో మొదలుపెట్టి చూసుకున్నాడు. కోపంగా, బతిమాలుతూ, చుట్టూ తిప్పి. తీరా ఆవిడ ఎదుట నిలబడ్డాక అవన్నీ వదిలేశాడు.

"అమ్మా, అక్కని చూసిన డాక్టరు ఏమన్నాడు?"

ఏ డాక్టరని ఆవిడ అడగలేదు.

ముందు కొడుకు మొహంలోకి చూసింది. తరవాత అతని భుజం మీదుగా, గుమ్మంలో ఉన్న కోడలిని చూసింది. ఆ చూపు అక్కడ చాలాసేపు ఉండిపోయింది. ఇన్నేళ్ళ భోజనాలు, జ్వరాలు, మౌనాలు అన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటున్నట్టుంది. ఎవరు చెప్పారని కూడా అడగలేదు.

"నువ్వూ లోపలికి రా" అంది కోడలితో. "వచ్చి తలుపెయ్యి."

తలుపు పడింది. అమ్మ రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకుంది.

"డాక్టరు చెప్పిన రోజే చేరతానందిరా అది ఆస్పత్రిలో" అంది. "ఆపరేషను ఒక నెల ఆపమని డాక్టర్ని అడిగింది అది కాదు, నేను."